అద్దె చలికాలం

కార్తీకం మొదలు

ఈ లాగ్‌లో, అంటే ఆఫీసు ఇచ్చిన ఈ ట్యాబ్‌లో, చేసిన పని తప్ప ఇంకేమీ రాయకూడదని మేనేజర్ ఉదయభాస్కర్ చెప్పాడు. అసలు దీన్ని ఎవడూ తెరిచి చూడడని గవరయ్య మావ చెప్పాడు. నేను మావ మాటే నమ్ముతాను. కాబట్టి జరిగింది జరిగినట్టు రాస్తాను. నా పేరు పైడితల్లి. ఎనిమిదో తరగతి దాకా బడి. పంపులు, మోటార్లు, వైరింగు విప్పి చూసి, షాకులు తిని నేర్చుకున్నాను.

కొండ కింద వైశాఖం నడుస్తోంది. పగలు గడప దాటితే చెప్పు తారుకు అంటుకుని ఊడొస్తుంది. జనం రాత్రిళ్లు పనులకు పోతారు. పగలు నేల మీద నీళ్లు చల్లుకుని ఆ తడి మీద పడుకుంటారు. చలికాలం గురించి మా అమ్మమ్మ చెబితే వినడమే తప్ప నేను చూసింది లేదు. కానీ ఈ కొండ మీద, ఈ గాజు కప్పు విడిదిలో, ఇవాళ కార్తీకం మొదలైంది. అద్దె కట్టిన ఒక్కో కుటుంబానికి ఒక వారం. ఆ వారంలోనే కార్తీకం నుంచి మాఘం దాకా చలికాలమంతా చూపించి పంపుతాం. పిల్లల నోట్లోంచి ఆవిరి వస్తుంటే పెద్దవాళ్లు మురిసిపోయి వీడియోలు తీసుకుంటారు.

ఈ వారం వచ్చింది జయదీప్ గారి కుటుంబం. ఆయన, భార్య శ్లోక, ఆయన తల్లి, ఏడేళ్ల పాప సమైరా. అందరిలా మామూలు మంచు కాదట, నిండు మంచు కావాలన్నారట. అంటే మాకు రెట్టింపు చాకిరీ.

చీకటితోనే లేచి పచ్చిక మీద సన్నటి గొట్టంతో మంచునీళ్లు కొడతాం, అవి తెల్లగా పేరుకునేదాకా. తర్వాత తొట్లలో వేడినీళ్లు పోసి పొగగడ్డలు వేస్తాం. ఆఫీసులో డ్రై ఐస్ అంటారు వాటిని. నీళ్లలో పడగానే బుసబుసమంటూ తెల్లటి మంచు పొంగి తొట్టి అంచు దాటుతుంది. పైకి లేవదు. నేలను పట్టుకుని పాకుతుంది. పచ్చిక అంతా గిన్నెలా ఉంటుంది. నడుమ మనుషులు దిగి కూర్చునే చలిమంట గొయ్యి, దాని లోపల చుట్టూ రాతి అరుగు. కింది చివర తూము ఉంది. పైన వాడేసిన చలి, మంచు ఆ తూములోంచి దిగి పనివాళ్లం ఉండే లైను ఇళ్లలోకి వస్తాయి. 'మిగిలిన చలి మీకు ఉచితం' అని చేర్చుకునేటప్పుడే చెప్తారు, ఏదో దానం చేస్తున్నట్టు.

ఆ ఉచితం కోసమే నేను, నా తోడబుట్టిన అప్ప నూకాలు ఇక్కడికొచ్చాం. అప్పకు ఏడో నెల. నిరుడు కింద ఎండకు కడుపులోనే ఒక బిడ్డ పోయింది. ఈసారి చల్లని చోటు చూసుకోకపోతే ఇదీ దక్కదని డాక్టరమ్మ చెప్పింది. చల్లని చోటంటే మాలాంటి వాళ్లకు ఎక్కడుంటుంది? ఇక్కడే ఉంది. బావ ఓడరేవు పని వదిలి రాలేకపోయాడు. అప్ప వంటింట్లో, నేను మోటార్ల దగ్గర.

మొదటిరోజు దుప్పటి కప్పుకుని అప్ప నవ్వింది. "ఒలే పైడీ, ఒంటి మీద బట్టేసుకుంటే హాయిగుండడం ఏటే! మా అత్తకి సెప్తే నమ్మదు."

ఆ నవ్వు కోసం ఈ మేనేజర్ గాడి మాటలు ఎన్నైనా పడతాను అనుకున్నాను.

కార్తీకం చివర

పొద్దున్న లైనులో సగం మంది బుర్ర పట్టుకుని లేచారు. అప్ప అందరికంటే ఆలస్యంగా లేచింది. గోడ పట్టుకుని నిలబడి, కళ్లు మూసుకుని, "బుర్ర పగిలిపోతన్నాదే" అంది. చలి పడలేదేమో అనుకున్నాను. చెవులకు గుడ్డ కట్టాను.

గవరయ్య మావ గంప కింద పెంచుకుంటున్న రెండు కోళ్లు చచ్చాయి. పిల్లి కొరకలేదు, ఒంటి మీద గాయం లేదు. నేల మీద పక్కపక్కన ఒరిగి ఉన్నాయి, ముక్కులు తెరుచుకుని. మావ వాటిని చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు. ఈ కొండ మీద గాజు కప్పుకు ఇనుము మోసినప్పటి నుంచీ ఉన్న మనిషి. పొగగడ్డల పెట్టెలు, తొట్లు ఆయన చేతిలోనే ఉంటాయి.

"జబ్బేమో మావా. వండకు."

"జబ్బయితే ముందు కునుకుతాయి పాపా. రేత్రి మేతకి నన్ను పొడిసినాయి ఇవి." ఆయన వాటిని పాతిపెట్టి చేతులు కడుక్కున్నాడు. "ఏదో తేడాగా ఉన్నాది."

మావకు తలనొప్పి లేదు. ఆయనకెప్పుడూ లేదు. సారా తాగే మనిషికి లేనిది నీళ్లు తాగే మాకెందుకో నాకర్థం కాలేదు. నీళ్లనే అనుమానించాను. మధ్యాహ్నమంతా ట్యాంకు కడిగాను. లోపల ఏమీ లేదు. మేనేజర్ వచ్చి, పని మానేసి ట్యాంకులో ఈదుతున్నావా అన్నాడు. ఈత రాదు, లేకపోతే నీకు నేర్పేదాన్ని అన్నాను. సగం రోజు జీతం కోత అన్నాడు. కోసుకోమన్నాను.

మార్గశిరం మొదలు

సాయంత్రం చలిమంట అంటుకోలేదు.

కట్టెలు ఎండినవే. నేనే ఎంచాను. పైనుంచి చూస్తే గొయ్యి పాలు పోసినట్టు మంచుతో నిండి ఉంది. అందులో కాగితం వెలిగించి పెడితే, వెలుగు ఒక్కసారి చిన్నబోయి ఆరిపోయింది, ఎవరో నోటితో ఊదినట్టు. మళ్లీ వెలిగించాను. మళ్లీ అదే. కిరసనాయిలు పోశాను. భగ్గుమంది, ఒక్క క్షణం నిలబడింది, పక్కకు వాలి పోయింది.  ఎండిన కట్టె, నూనె, నిప్పు మూడూ ఉన్నాయి, మంట లేదు.

"తడి కట్టెలు తెచ్చావా?" అన్నాడు మేనేజర్, అతిథులకు వినబడేలా.

"నువ్వు వెలిగించు."

అతనూ వెలిగించాడు. ఆరిపోయింది. నా వైపు చూడకుండా తొట్లు కాసేపు ఆపమని మావకు సైగ చేశాడు. మంచు పలచబడ్డాక మంట అంటుకుంది. జయదీప్ గారు చప్పట్లు కొట్టారు. ఆ సైగ నాకు గుర్తుంది. తడి కట్టెలకు తొట్లు ఆపడం ఎందుకు?

సమైరా పాప ఒక ఆట కనిపెట్టింది. మంచు తన నడుం దాకా ఉన్నచోట నిలబడి, ముక్కు మూసుకుని, లోపలికి మునుగుతుంది. "నానమ్మా, నేను కనబడుతున్నానా?" అని అడుగున ఉండి అరుస్తుంది.

"లేదు తల్లీ, ఎక్కడున్నావు?" అని పెద్దావిడ వెతుకుతున్నట్టు నటిస్తుంది. పాప దగ్గుతూ పైకి లేస్తుంది. అందరూ నవ్వుతారు. దగ్గు ఎందుకు వస్తుందో ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

మార్గశిరం చివర

ఇవాళ పొద్దున్న అప్ప లేవలేదు.

పిలిచాను. కుదిపాను. చెంప మీద కొట్టాను. కళ్లు తెరిచింది గానీ నన్ను ఎవరో తెలియనట్టు చూసింది. ఆయాసంగా ఊపిరి తీస్తోంది, మెట్లెక్కి వచ్చినట్టు. ఎత్తి కూర్చోబెడదామని ఆమె పక్కన చాప మీద వంగాను. ముక్కులో చురుక్కుమంది. గోళీసోడా గబగబా తాగితే ముక్కుకెక్కి పొడుస్తుంది చూడండి, అది. సోడా లేదు అక్కడ. ఉన్నది చాప, దుప్పటి, అప్ప.

లేచి నిలబడ్డాను. పొడవలేదు. మళ్లీ వంగాను. పొడిచింది.

అగ్గిపుల్ల గీసి నెమ్మదిగా కిందికి దించాను. నా నడుం దగ్గర బాగా మండింది. మోకాలి దగ్గర వణికింది. పిక్క దగ్గరకొచ్చేసరికి ఆరిపోయింది. అప్ప ముఖం అంతకంటే కిందనే ఉంది.

ఆమెను బయటకు ఈడ్చుకొచ్చి మెట్ల మీద కూర్చోబెట్టాను. కాసేపటికి, "ఏటే, సేప వాసనొత్తన్నావు, తానం సెయ్యలేదా" అంది. ఆ మాట విని పక్కనే కూలబడ్డాను.

బడిలో చెప్పింది అప్పుడు గుర్తొచ్చింది. బొగ్గుపులుసు వాయువు. గాలి కంటే బరువు. మంటను ఆర్పుతుంది. సోడాలో ఉండేది అదే. పొగగడ్డ అంటే ఆ వాయువే గడ్డకట్టింది. మేం దాన్ని పొద్దునా సాయంత్రం తొట్లలో కరిగించి పచ్చిక మీదికి వదులుతున్నాం. అది తూములోంచి దిగి, మేం పడుకున్న గదుల్లో నేల పట్టి నిలబడుతోంది. గవరయ్య మావ మోకాలి నొప్పి వల్ల మంచం మీద పడుకుంటాడు. కంపెనీ మా అందరికీ మంచాలిచ్చింది. మేం వాటి మీద మూటలు పెట్టుకుని నేల మీద పడుకుంటున్నాం. పుట్టినప్పటి నుంచీ నేలే చల్లన, మంచం ఎక్కితే ఉడుకు. ఇక్కడా అలాగే చేశాం. ఇంత చలిలో కూడా.

ఆఫీసుకు పరిగెత్తాను. అంతా చెప్పాను. ఉదయభాస్కర్ గోడ మీది తెర చూపించాడు. అన్నీ పచ్చ దీపాలు.

"గాలి కొలిచే యంత్రాలు ప్రతి గదిలో ఉన్నాయమ్మాయ్. చూడు, అంతా బాగానే ఉంది."

"ఆ యంత్రాలు ఎక్కడ బిగించారు? గోడ మీద, నీ ముఖం ఎత్తులో. మేం పడుకునేది నేల మీద."

అతను తెర వైపు చూశాడు. తర్వాత మెత్తగా అన్నాడు. "మంచాలిచ్చాం కదా. మీరు కిందే పడుకుంటామంటే మేమేం చేస్తాం?"

 అతను చెప్పింది నిజమే కావడం నా కోపాన్ని ఇంకా పెంచింది. తలుపు విసిరికొట్టి బయటకొచ్చాను. లైనులో అందరి మూటలూ మంచాల మీంచి కిందికి విసిరేశాను. "మంచం ఎక్కండి! నేల మీద చావుంది!" అని అరిచాను. కొందరు ఎక్కారు. కొందరు నాకు పిచ్చెక్కిందన్నారు.

పుష్యం మొదలు

అప్ప మంచం మీద పడుకోలేకపోతోంది. ఆ ఇనప పట్టీల మంచం నడుం దగ్గర గుంతలా దిగిపోతుంది. కడుపు బరువుకు వెన్ను పట్టేస్తుంది. నేను చూస్తున్నంతసేపు ఉంటుంది, నేను పనికి పోగానే దిగిపోతుంది. ఇవాళ రెండుసార్లు దిగడం చూశాను.

"నీకు బతకాలని నేదా?" అన్నాను.

"నడుం ఇరిగిపోతన్నాదే. నువ్వు మోసి సూడు తెలుస్తాది."

"నేల మీద తొంగుంటే బిడ్డకి గాలందదు అప్పా. ఎన్నిసార్లు సెప్పాలి?"

ఆమె ముఖం మారిపోయింది. "కిందకెల్తే ఎండకి పోతాది. ఇక్కడుంటే గాలందక పోతాది. మరి నేనెక్కడ తొంగోను? సెప్పు. నువ్వు సదివినావు గదా, సెప్పు."

 మధ్యాహ్నం మళ్లీ మేనేజర్ దగ్గరకెళ్లాను. ఈసారి అరవలేదు. వంటింటి పక్కన సామాన్ల గది ఉంది, తూము కంటే ఎత్తులో. కాన్పు అయ్యేదాకా అక్కడ ఉండనివ్వమన్నాను. బతిమాలాను, అది కూడా రాస్తున్నాను.

"అతిథులు తిరిగే చోటు అది. నిండు గర్భిణి దగ్గుతూ ఆయాసపడుతూ కనబడితే ఏమనుకుంటారు? రేపు ఆమెకు సెలవిస్తాను. గదిలోనే పడుకోమను."

ఏ గదిలో అని నేను అడగలేదు. అడిగినా ఇద్దరికీ తెలిసిన జవాబే.

 లైనులో ఇవాళ అందరూ మంచాల మీద కాళ్లు ముడుచుకుని, నేల వైపు చూస్తూ కూర్చున్నారు. తూము నోట్లోంచి మంచు తెల్లగా, నెమ్మదిగా, చప్పుడు లేకుండా లోపలికి వస్తోంది. తలుపు కింద సందులోంచి ముందు ఒక నాలుకలా వచ్చింది. తర్వాత గది అడుగంతా పరుచుకుంది. నీళ్లయితే తోడిపోస్తాం. పామైతే కొడతాం. దీన్నేం చేయాలి? మా చెప్పులు అందులో మునిగిపోయాయి. దిగి వాటిని తెచ్చుకోవడానికి కూడా భయమేసింది.

నిండు పుష్యం

 వరసగా రాస్తాను.

సాయంత్రం తొట్లన్నీ అంచుదాకా నింపమన్నాడు మేనేజర్. అతిథులు అడిగిన నిండు పుష్యం ఇవాళే. నేను వేయనన్నాను. పొగగడ్డల పట్టకారు మావ చేతిలో పెట్టాడు. మావ నా ముఖం చూడలేదు.

"మావా, వద్దు."

"నాకు కింద ఇల్లు నేదు పాపా. ఎండలోకి తోలేత్తే నేనెక్కడికి పోతాను?" అని ఒక్కో గడ్డా వేశాడు. ఏడుస్తున్నాడో, ఆవిరికి కళ్లు తడిశాయో తెలియలేదు.

అప్ప లైను గదిలో ఒక్కతే ఉంది, సెలవు మీద. మిగతావాళ్లంతా పైన పనిలో ఉన్నారు. నేను తూము దగ్గరకెళ్లి ఇనప తలుపు గొలుసు వదిలేశాను. తలుపు దిగి మూసుకుంది. సందుల్లో గోనెసంచులు కూరాను. ఇంక కిందికి చుక్క మంచు పోదు. మరి పైన ఏమవుతుందో నాకు తెలియదా అంటే తెలుసు. గిన్నె నిండుతుంది. గొయ్యి ముందు నిండుతుంది. వాళ్లకూ తలలు పగలాలి, వాళ్లకూ ముక్కులో పొడవాలి, అప్పుడు నమ్ముతారు అనుకున్నాను. నిండాక నేనే వెళ్లి చెబుతాను, పైకి వచ్చేస్తారు అనుకున్నాను. అంత తేలిగ్గా అనుకున్నాను.

నేను పచ్చిక మీదికి వచ్చేసరికి గొయ్యి పై అంచు దాకా తెల్లగా ఉంది. పెద్దవాళ్లు ముగ్గురూ లోపల అరుగుల మీద కూర్చుని ఉన్నారు. మంచు వాళ్ల భుజాల దగ్గర ఊగుతోంది. తలలు మాత్రమే కనబడుతున్నాయి, పాలకుండలో తేలుతున్నట్టు. పాప తల కనబడలేదు.

"నానమ్మా, నేను కనబడుతున్నానా?" అని అడుగునుంచి గొంతు.

"లేదు తల్లీ, ఎక్కడా లేవు!"

మంట నీలంగా మారి ఆరిపోయింది. ఆరిన కట్టెల పొగ పైకి లేచింది. ఆ పొగకు హెచ్చరిక మోగింది. స్తంభాల మీది పెట్టెల్లోంచి ఒక ఆడగొంతు, తియ్యగా, నెమ్మదిగా: "భయపడకండి. పొగ పైకి వెళుతుంది. దయచేసి నేలకు వంగి, పాకుతూ బయటకు రండి."

అగ్నిప్రమాదానికి నేర్పించిన మాట అది. వాళ్లు విన్నారు. చదువుకున్నవాళ్లు కదా, చెప్పింది వెంటనే చేశారు. శ్లోక గారు వంగారు. జయదీప్ గారు తల్లి వీపు మీద చెయ్యేసి కిందికి నొక్కారు. ఆ మూడు తలలూ మంచులో మునిగిపోయాయి. పచ్చిక ఖాళీ అయిపోయింది, అక్కడ ఎవ్వరూ లేనట్టు.

నా గొంతు నాకే వినబడలేదు. "లేవండి! వంగకండి! నిలబడండి!" అంటూ గోతిలోకి దూకాను. జయదీప్ గారి చొక్కా అందింది, పట్టి లాగాను. ఆయన నన్ను నెట్టేశాడు. "ఎవరీ పిల్ల! ఉదయ్ గారూ!" అని అరవబోయి దగ్గు వచ్చి, అప్పుడు నిజంగా లేచి నిలబడ్డాడు. గాలి మింగాడు. ఆయన కళ్లలో భయం నేను చూశాను. మాట్లాడకుండా తల్లిని రెక్క పట్టి లేపాడు. శ్లోక గారు తానే లేచి, "సమైరా! సమైరా!" అని చేతులతో మంచును పక్కకు తోస్తోంది, తోసినచోటికే మళ్లీ వస్తోంది.

జవాబు లేదు.

ఊపిరి బిగబట్టి మంచులో మునిగి కూర్చున్నాను. కళ్లు మంటలు. తెలుపు తప్ప ఏమీ లేదు. చేతులతో నేలంతా తడిమాను. బూడిద, కట్టె, ఎవరిదో చెప్పు. తర్వాత మెత్తగా ఒక చిన్న మణికట్టు. పట్టుకుని లేచి పాపను నెత్తికెత్తుకున్నాను. మెడ వేలాడుతోంది. పెదవులు నేరేడుపండు రంగు. గొయ్యి గట్టు ఎక్కించి, వీపు మీద ఒకటి చరిచాను, ఇంకోటి, ఇంకోటి. పెద్దావిడ అక్కడే చతికిలబడి పాప అరికాళ్లు రుద్దుతోంది. నాలుగోసారికో ఐదోసారికో పాప పెద్దగా గాలి లాగి, గుక్కపట్టి ఏడ్చింది. అంత మంచి ఏడుపు నేను వినలేదు.

మేనేజర్ పరిగెత్తుకొచ్చాడు. గిన్నె నిండా నిలిచిన మంచు చూశాడు. తూము వైపు చూశాడు. ముఖం పాలిపోయింది.

"తూము ఎవరు మూశారు? తెరవండి! అతిథులు చచ్చిపోతారు!"

చచ్చిపోతారు అన్నాడు. పచ్చ దీపాలు చూపించి అంతా బాగానే ఉందన్న నోరు. వీడికి మొదటినుంచీ తెలుసు. ఆ మాట నాకు తగిలి, దాని అర్థం నాకు అందేలోపు, అతను గొలుసు పట్టి లాగేశాడు.

గిన్నెడు మంచు ఒక్కసారిగా తూములోకి కూలింది.

"కింద మా అప్ప ఉంది!" అన్నాను. ఎవరితో అన్నానో తెలియదు. అప్పటికే పరిగెడుతున్నాను. మెట్ల పక్కన కాలువలో మంచు నాతో పాటే దిగుతోంది, చప్పుడు చేయకుండా. రెండో మలుపులో నన్ను దాటేసింది. "అప్పా! మంచం మీద నిలబడు! నిలబడు!" లైను మొదటి గది గడప మునిగింది. రెండోది మునిగింది. మాది మూడోది.

తలుపు తీశాను. కిటికీ పట్టీ దాకా తెల్లగా ఉంది. మంచం ఖాళీ.

మళ్లీ దిగిపోయింది. నడుం నొప్పికి మళ్లీ కిందికి దిగిపోయింది.

కాలికి ఆమె జుట్టు తగిలింది. చంకల కింద చేతులేసి లాగాను. రాలేదు. ఏడో నెల కడుపుతో ఉన్న మనిషి, ఒంట్లో పట్టు లేకుండా ఎంత బరువుంటుందో. నా తలలో గంటలు మోగుతున్నాయి. ఊపిరి వదిలేశాను, పీల్చాను, ముక్కులో సోడా పొడిచింది, కళ్ల ముందు నల్లటి చుక్కలు. అప్పుడు వెనక గోడ రేకు ధనధనమని మోగింది. గవరయ్య మావ. పట్టకారుతో రేకు చీల్చేస్తున్నాడు. పల్లంవైపు గోడ అది. రేకు ఊడగానే మంచు ఆ కంతలోంచి కొండ కిందికి పారిపోయింది. వెనకే వేడిగాలి, దుమ్ము, ఎండు గడ్డి వాసన లోపలికి కొట్టాయి.

"పట్టు పాపా! కాళ్లు నేను పడతాను!"

ఆ కంతలోంచే బయటపడ్డాం. రాళ్ల మీద పడుకోబెట్టి ముఖం మీద ఊదాను. ఏమీ లేదు. ఊదాను. గొంతులో గుర్రుమని చప్పుడొచ్చింది. ఛాతీ లేచింది, పడింది, లేచింది. కళ్లు తెరవడానికి చాలాసేపు పట్టింది. తెరిచి, నా ముఖం చూసి, రెండు చేతులూ కడుపు మీద పెట్టుకుంది.

"పైడీ, కదలట్నేదే."

వైశాఖం

ఈ ట్యాబ్ నాతోనే తెచ్చేశాను. దొంగతనమని రాసుకోండి.

తెల్లారకముందే ముగ్గురం దిగడం మొదలుపెట్టాం. ఎవరూ వెళ్లమనలేదు. ఉండమనీ అనలేదు. మావ తన దుప్పటి కూడా తెచ్చుకోలేదు.

"ఎండలో సస్తానని భయపడినాను గానీ పాపా, ఎండైతే కనబడతాది. ఎటునుంచి వత్తన్నాదో తెలుస్తాది. అది నయం."

గేటు దగ్గర జయదీప్ గారి బండి మమ్మల్ని దాటి ఆగింది. అద్దం దిగింది. లోపలి చల్లగాలి నా చేతికి తగిలింది. వెనక సీట్లో పాప నానమ్మ ఒళ్లో నిద్రపోతోంది, ఊపిరి తీస్తూ.

"వీళ్లను ఎక్కించుకోరా" అంది పెద్దావిడ.

"అమ్మా, ఆ తూము మూసింది ఈ అమ్మాయే" అన్నాడు ఆయన. నా వైపు తిరిగి, "అవునా?"

"అవును."

శ్లోక గారు నన్ను చూసింది, అప్ప కడుపు చూసింది. ఏదో అనబోయింది. ఒక నీళ్ల సీసా నా చేతిలో పెట్టింది. అద్దం పైకి లేచింది. వాళ్లను తిట్టాలని ఉంది. పాపను గోతిలోంచి తీసింది నేనే, గొయ్యి నింపిందీ నేనే. తిట్టు నోట్లోనే ఉండిపోయింది.

సగం దిగాక ఎండెక్కింది. అప్ప నడవలేకపోయింది. రోడ్డు పక్కన తాటాకు పందిరి కింద ఒక ముసలామె ముంజలు చీల్చుకుంటోంది. అక్కడ కూలబడ్డాం. కొండెక్కుతూ ఒక లారీ వచ్చింది, విడిదికి కొత్త పనివాళ్లతో. నేను రోడ్డు మీదికి వెళ్లి నిలబడ్డాను. డ్రైవర్ తిడుతూ ఆపాడు. పైన కూర్చున్న వాళ్లకు అంతా చెప్పాను. ఒకమ్మాయి వంగి, "అప్పా, నిజంగా దుప్పటి కప్పుకునేంత సలుంటాదా?" అని అడిగింది. నేను చెప్పిందంతా విని అడిగిన మాట అది. మళ్లీ మొదటినుంచి చెప్పాను, అగ్గిపుల్ల గీసి ఎలా ఆరుతుందో చూపించబోతే గాలికే ఆరింది. వాళ్లు నవ్వారు. లారీ కదిలింది. ఇద్దరు మాత్రం దిగిపోయారు, మొగుడూ పెళ్లాం. రోడ్డు మీద నిలబడి ఎటు పోవాలో తెలియక పైకీ కిందికీ చూస్తున్నారు.

పందిరి కింద అప్ప తన కడుపు మీద నా చెయ్యి పెట్టుకుని కూర్చుంది. రాత్రి నుంచి కదలిక లేదు. తను అడగదు, నేను చెప్పను. ఇద్దరికీ పోయిన ఏడాది గుర్తుంది. అప్పుడూ ఇలాగే, ముందు కదలిక ఆగింది.

ముసలామె మమ్మల్ని చూస్తూనే ఉంది. ఒక ముంజ తొక్క తీసి అప్ప నోటికి అందించింది. "తిను. నీరసానికి పండుకుండిపోయుంటాది లోపల. తియ్యగా తగిల్తే లేత్తాది."

అప్ప తినలేదు. ముంజ నీళ్లు మోచేతి దాకా కారాయి. ముసలామె ఊరుకోలేదు. "నీకు కాదే, దానికి" అని గదమాయించి నోట్లో కుక్కింది. ఒకటి తింది. రెండోది తింది. మావ అటు తిరిగి కూర్చున్నాడు. రోడ్డు మీద తారు మెరుస్తోంది.

చాలాసేపు ఏమీ లేదు.

తర్వాత నా అరచేతి కింద ఏదో దొర్లింది. భ్రమ అనుకున్నాను. అప్ప ఊపిరి బిగబట్టింది. మళ్లీ దొర్లింది, ఈసారి గట్టిగా, లోపలినుంచి ఎవరో మోచేత్తో పొడిచినట్టు.

"పైడీ."

"ఆఁ. తెలిసింది."

అప్ప ఏడవలేదు. మూడో ముంజ తనే అందుకుంది. ఇంకా రెండు నెలలుంది. ఎండలు ఇంకా ముదరాలి. నేను శ్లోక గారి సీసాలో నీళ్లతో నా పైట తడిపి అప్ప కడుపు మీద పరిచాను. రెండోసారి తడపడానికి సీసా మూత తీసేలోపే మొదటి తడి ఆరిపోయింది. మళ్లీ తడిపాను.